పెద్దమ్మాయి దగ్గు

మా ఫ్యాక్టరీలో గాలిని నొక్కి పైపుల్లోకి పంపే రెండో నంబరు కంప్రెసర్‌కి ఒక జబ్బుంది. లోపల వాల్వు ప్లేటు అరిగినప్పుడల్లా అది మూడుసార్లు పొడిపొడిగా దగ్గి, చివర్న సన్నగా ఒక ఈల వేస్తుంది. పుస్తకాల్లో దానికి ఏ పేరున్నా మా కంప్రెసర్ గదిలో మాత్రం 'పెద్దమ్మాయి దగ్గు' అంటారు. ఆ పెద్దమ్మాయి నేనే.

చిన్నప్పుడు నాకు అచ్చం అలాంటి దగ్గే వచ్చేది. మా నాన్న ఈ గదిలోనే మెకానిక్. ఒకరోజు యంత్రానికి చెవి ఆనించి విని, ఇదేమిటి మా పెద్దమ్మాయిలా దగ్గుతోంది అన్నాడట. అంతే, పేరు అతుక్కుపోయింది. దగ్గు నన్ను ఎప్పుడో వదిలేసింది గానీ పేరు వదల్లేదు. ఇప్పుడు నాకు ముప్ఫై ఒక్కేళ్లు, ఆ గదికి ఇన్‌చార్జిని, నా కింద ఆరుగురు పనిచేస్తారు. అయినా షిఫ్టు దిగేవాడు ఎవడో ఒకడు నా ఎదురుగానే నిలబడి, లాగ్ పుస్తకంలో 'పెద్దమ్మాయి దగ్గుతోంది' అని రాసి, ఏమీ ఎరగనట్టు చక్కాపోతాడు. స్పానర్ తీసుకుని వెంటపడాలనిపిస్తుంది.

నిజానికి నాకు ముందు పుట్టినవాళ్లూ లేరు, వెనక పుట్టినవాళ్లూ లేరు. నాకు ఎనిమిదో ఏడు వచ్చేదాకా నాన్న నన్ను 'అమ్మాయి' అనే పిలిచేవాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి పెద్దమ్మాయినయ్యాను. ఉన్నదే ఒక్కతి, ఇందులో పెద్దేమిటి చిన్నేమిటి అని అమ్మ నవ్వితే, దానికి పెద్దరికం వచ్చిందిగా అని నాన్న మాట దాటేసేవాడు. ఆ పెద్దరికానికి నేను మురిసిపోయి వీధంతా చెప్పుకుని తిరిగాను.

ఆ మరుసటి ఏడే నాన్న పోయాడు. వాల్వు ప్లేట్లు మా ఊళ్లో దొరికేవి కావు. ఏటికి అవతలి ఊళ్లో కొనాలి. ఆ పని మీద నాన్న నెలకోసారి వెళ్లి, రెండు రోజులుండి వచ్చేవాడు. ఆ రోజు పొద్దున రొట్టె మాడిందని అమ్మకీ నాన్నకీ మాటా మాటా పెరిగింది. నాన్న పళ్లెం తోసేసి, ఏమీ తినకుండా బస్సుకి వెళ్లిపోయాడు. ఆ బస్సు వంతెన మీంచి ఏట్లో పడింది. వరద మీదున్న ఏరు. తొమ్మిది మంది ఆనవాలు కూడా దొరకలేదు. ఆ తొమ్మిది మందిలో నాన్న పేరు రాశారు.

ఫ్యాక్టరీ వాళ్లు అమ్మకి ప్యాకింగులో పని ఇచ్చారు. అమ్మ పడింది, లేచింది, నన్ను చదివించింది. ఒక్కటే ఆమె వల్ల కాలేదు. ఆకలి మీద పోయాడే నీ తండ్రి, నేనే పంపించేశానే అనడం మానలేకపోయింది. ఇరవై రెండేళ్లుగా అమ్మ పొద్దున పూట ఏమీ తినదు. ఆరింటికి ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్తుంది, మధ్యాహ్నం గంట కొట్టాకే క్యారియర్ విప్పుతుంది. రెండుసార్లు కళ్లు తిరిగి సీసాల మధ్య పడిపోయింది. డాక్టరు చెప్పాడు, నేను బతిమాలాను, అరిచాను, ఒకసారి పళ్లెం నేలకేసి కొట్టాను కూడా. నోట్లో పెట్టుకుంటే దిగదు, నన్నేం చెయ్యమంటావు అంది. ఇంక నేను ఊరుకున్నాను.

ఇక ఈ మధ్య సంగతి. మాలాంటివే పదకొండు ఫ్యాక్టరీలు కలిసి 'ఉమ్మడి డేటా' అని ఒకటి మొదలుపెట్టాయి. ఉమ్మడి అనగానే నాకు చిర్రెత్తింది. పదకొండు మంది తోడికోడళ్లు ఒకే వంటింట్లో దూరితే ఉప్పుడబ్బా ఎక్కడుందో ఎవరికీ దొరకదు, ఇంక యంత్రాల సంగతి చెప్పాలా అని మీటింగులోనే అనేశాను. ప్రాజెక్టు పని చూడ్డానికి వచ్చిన కళ్లద్దాలమ్మాయి నవ్వేసి, నాకు ఓపిగ్గా విడమర్చి చెప్పింది. ఎవరి సమాచారం వాళ్ల బీరువాలోనే ఉంటుందట, తాళంచెవీ వాళ్ల దగ్గరే ఉంటుందట. పక్కవాళ్లకి ఏది చూపించాలో, ఎంతవరకు చూపించాలో ఎవరికి వారే చెబుతారు. ఒక ఫ్యాక్టరీలో వాల్వు పాడయ్యే ముందు ఎలా మూలుగుతుందో మిగతా పది చోట్లా తెలిస్తే ముందే జాగ్రత్త పడొచ్చు. గాలి వృథా కాదు, కరెంటు వృథా కాదు, బాగున్న విడిభాగాన్ని అనుమానంతో పీకి చెత్తలో పారెయ్యరు. ఇది వినేసరికి నా నోరు మూతపడింది. పైపుల సందుల్లోంచి బుస్సుమని గాలి పోతుంటే కడుపు మండేది ఈ ఫ్యాక్టరీలో నా ఒక్కదానికే అనుకునేదాన్ని.

తీరా మొదలుపెట్టాక చిక్కల్లా పేర్ల దగ్గర వచ్చింది. ఒకే రోగానికి పదకొండు చోట్ల పదకొండు పేర్లు. ఒకరు 'కప్ప' అంటారు, ఇంకొకరు 'ముసలోడు' అంటారు, వేరొకరు ఏమీ అనకుండా ఒక అంకె వేస్తారు. అందుకని ప్రతి ఫ్యాక్టరీ తన గదిలో వాడే పేర్లన్నీ రాసి, ఒక్కో పేరుకి ఆ శబ్దాన్ని రికార్డు చేసి పంపాలన్నారు. రెండు షరతులు పెట్టారు. రికార్డులో మనిషి గొంతు ఉండకూడదు. ప్రతి మాటకీ ఒక సొంతదారు ఉండాలి, రేపు ఎవరైనా దీని అర్థమేమిటని అడిగితే ఆ సొంతదారే జవాబు చెప్పాలి.

మా జాబితా రాసింది నేనే. రెండో కంప్రెసర్ జబ్బు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. పది ఊళ్లవాళ్ల ముందు నా దగ్గు పెట్టుకుని పరువు తీసుకోవడం ఎందుకని 'వాల్వు ప్లేటు అదురు' అని మర్యాదగా రాసి పంపేశాను. అంటే ఆ పేరు మా గది గడప దాటలేదు.

మూడు వారాల తర్వాత కళ్లద్దాలమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. మా 'అదురు'కి జత దొరికిందట, ఏడో ఫ్యాక్టరీ పంపిన శబ్దం మాదానితో అతికినట్టు సరిపోయిందట. వాళ్ల పేరే కాస్త వింతగా ఉంది మేడమ్, నవ్వకండి అంటూ తెర నా వైపు తిప్పింది. అందులో 'పెద్దమ్మాయి దగ్గు' అని ఉంది.

నాకు మొదట వచ్చింది కోపం. మా గదిలో పనిచేసిన వెధవ ఎవడో అక్కడ చేరి నా పరువు మోసుకెళ్లాడనుకున్నాను. ఏడో ఫ్యాక్టరీ ఏదని అడిగాను. ఏటికి అవతలి ఊరు. మా గదిలోంచి అటు వెళ్లినవాళ్లెవరున్నారా అని వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒక్కరూ లేరు.

"ఈ రికార్డు పనికిరాదు మేడమ్. చివర్లో ఎవరో పెద్దాయన గొంతు పడింది. కత్తిరించి పంపమంటాను," అని ఆ పిల్ల హెడ్‌ఫోన్ నా చేతికిచ్చింది.

పెట్టుకున్నాను. కంప్రెసర్ రొద. మూడు పొడి దగ్గులు. ఈల. తర్వాత పైపు మీద స్పానర్‌తో టక్ టక్ అని రెండు దెబ్బలు. ఆ వెనకే గొంతు. "విను. మూడు దగ్గులు, ఒక ఈల. అదీ మా పెద్దమ్మాయి దగ్గు. తెలిసిందా?"

అది నాన్న గొంతు. తొమ్మిదేళ్ల వయసులో విన్న గొంతు గుర్తుంటుందా అని మీరు అడగొచ్చు. గొంతు ముసలిదైంది, బొంగురుపోయింది. కానీ ఆ టక్ టక్, ఆ 'విను', ఆఖర్న 'తెలిసిందా' అని సాగదీయడం, నాకు లెక్కలు చెప్పినప్పుడు కూడా అంతే. బల్ల మీద పెన్సిల్‌తో రెండు దెబ్బలు కొట్టి, విను అనేవాడు. రికార్డు చేసిన తేదీ చూశాను. పోయిన నెల పద్నాలుగు.

కళ్లద్దాలమ్మాయి ఏదో అంటోంది. పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ మాట చెవికెక్కడం లేదు. లేవబోయి మళ్లీ కూలబడ్డాను. షుగర్ ఉందా మేడమ్ అని ఆ పిల్ల నీళ్లు పట్టుకొచ్చింది. ఉందన్నాను. అంతకన్నా ఏం చెప్పను? చచ్చిపోయిన మా నాన్న పోయిన నెల పద్నాలుగో తారీఖున మాట్లాడాడని చెప్పనా? ఆ ముక్క నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ అదే గొంతు. దాన్ని నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

రెండు ఫ్యాక్టరీలూ ఫోన్‌లో కలిసి మాట్లాడుకుని ఒకే పేరు ఖాయం చేయాలన్నారు. శుక్రవారం పదకొండింటికి పెట్టారు. మధ్యలో నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం ప్యాకింగు షెడ్డులో అమ్మ పక్కనే కూర్చుని తిన్నాను. అమ్మ పొద్దుట్నుంచి ఏమీ తినని మనిషి కదా, మొదటి ముద్ద దగ్గర చెయ్యి కాస్త వణుకుతుంది. నా జేబులో ఫోనుంది, ఫోన్‌లో ఆ గొంతుంది. ఒక్క వేలు నొక్కితే చాలు. నొక్కితే ఏమవుతుంది? ఆకలితో నీళ్లలో మునిగిపోయాడని ఇరవై రెండేళ్లు తన కడుపు మాడ్చుకున్న మనిషికి, ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఎటొచ్చీ మన దగ్గరికి రాలేదంతే అని చెప్పాలి. ఏది చంపుతుందో ఏది బతికిస్తుందో నాకు తెలియలేదు. నాకు భయమేసింది. ఏమిటే అలా చూస్తున్నావు అని అమ్మ అడిగితే, కూరలో ఉప్పెక్కువైంది అన్నాను. ఎక్కువ కాలేదు.

శుక్రవారం మీటింగు గదిలో నేనూ కళ్లద్దాలమ్మాయీ కూర్చున్నాం. మధ్యలో బల్ల మీద స్పీకరు ఫోను. నోరు విప్పకూడదు, గొంతు విని వచ్చెయ్యాలి అని గట్టిగా అనుకునే వెళ్లాను. అటువైపు ఒక కుర్రాడి గొంతు, హుషారుగా ఉంది. అక్కడి కంప్రెసర్ మెకానిక్‌నని చెప్పి, మనిషి గొంతు కత్తిరించకుండా పంపినందుకు సారీ చెప్పాడు. అది వాళ్ల నాన్నదట. రిటైరైనా ఈ శబ్దాల పని కోసం పిలిపించారట.

వాళ్ల నాన్న. ఆ మాట దగ్గర నేను బల్ల అంచు పట్టుకున్నాను.

ఆ పేరులోని పెద్దమ్మాయి ఎవరని అడిగాను.

"ఏమో మేడమ్, మాకూ తెలీదు. మా ఇంట్లో ఆడపిల్లలే లేరు. నేనొక్కణ్నే. చిన్నప్పట్నుంచీ అడుగుతున్నా, యంత్రానికి పెట్టిన పేర్రా అంటారు. నన్నేమో చిన్నోడా అని పిలుస్తారు. ఒక్కణ్నే కదా, చిన్నోణ్ని ఎలా అయ్యానని మా అమ్మ కూడా నవ్వుతుంది," అన్నాడు.

అతని వయసు అడిగాను. కళ్లద్దాలమ్మాయి నా వైపు వింతగా చూసింది. ఇరవై మూడు మేడమ్ అన్నాడు.

లెక్కలు నాన్నే నేర్పాడు నాకు. బస్సు ఏట్లో పడి ఇరవై రెండేళ్లు. ఇతనికి ఇరవై మూడు. బస్సు పడేనాటికే ఇతనికి ఏడాది నిండింది, అప్పుడు నాకు తొమ్మిది. అంటే ఇతను పుట్టినప్పుడు నాకు ఎనిమిది. నేను ఉన్నట్టుండి పెద్దమ్మాయినయిన ఏడు. అవతల ఒక చిన్నోడు పుట్టాడు కాబట్టి ఇవతల నేను పెద్దదాన్నయ్యాను. నెలకోసారి ప్లేట్ల కోసం వెళ్లి రెండు రోజులుండటం, దానికి పెద్దరికం వచ్చిందిగా అని నవ్వడం, ఆ పిలుపుకి నేను మురిసిపోయి వీధంతా చెప్పుకోవడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. చెంప మీద ఎవరో ఫెడీమని కొట్టినట్టయింది.

నాన్న ఇక్కడే ఉన్నారు, ఇస్తాను మాట్లాడండి అని ఆ కుర్రాడు ఫోను అందించాడు.

హలో అన్న గొంతు వినిపించింది. ఏ ఫ్యాక్టరీ అమ్మా మీది అని అడిగింది. చెప్పాను. వెనక కంప్రెసర్ రొదలోంచి మళ్లీ అదే గొంతు వచ్చింది.

"అక్కడ రెండో కంప్రెసర్ ఇంకా ఉందా అమ్మా?"

"ఉందండీ. దగ్గుతూనే ఉంది. ప్లేటు తేవడానికి వెళ్లినాయన ఇంకా రాలేదు."

ఆ కుర్రాడు జోకనుకుని గట్టిగా నవ్వాడు. కళ్లద్దాలమ్మాయి కూడా చిరునవ్వు నవ్వి, మరి పని ముగిద్దామా అంది. పేరు మార్చక్కర్లేదు, ఇదే బాగుంది, కాకపోతే సొంతదారు గడి నింపాలి, ఈ మాట ఎవరిదని రాయమంటారు అని అడిగింది. మాదే మేడమ్, మా నాన్న పెట్టిన పేరు అన్నాడు ఆ కుర్రాడు, గర్వంగా. పాపం అతను మాత్రం ఏం చేశాడు? అతనికి ఏమీ తెలియదు. నేను నోరు మూసుకుని ఉంటే ఇంకో ఇరవై ఏళ్లయినా తెలియదు. ఇదంతా నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఆగలేకపోయాను.

"అది నాది. ఆ దగ్గు నాది," అన్నాను.

అంటే ఏమిటి మేడమ్ అన్నాడు. నాలుగు రోజులుగా నాన్నని తిట్టాల్సిన తిట్లన్నీ వరసపెట్టి సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ రాలేదు. అమ్మ వణికే చెయ్యి ఒక్కటే గుర్తొచ్చింది.

"ఆ రోజు పొద్దున ఏమన్నా తిన్నావా నాన్నా?"

కళ్లద్దాలమ్మాయి పెన్ను కిందపెట్టేసింది. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ కుర్రాడు నాన్నా, నాన్నా అంటున్నాడు, గొంతులో ఇందాకటి హుషారు లేదు.

"తిన్నానమ్మా," అన్నాడు చివరికి. "ఆకలికి ఆగలేక బస్టాండులో కూర్చుని తిన్నాను. తినేలోపు బస్సు వెళ్లిపోయింది."

ఇంకేదో అనబోయాడు. నేను ఫోను కట్టేశాను. సొంతదారు గడిలో ఏం రాయాలని కళ్లద్దాలమ్మాయి మళ్లీ అడగలేదు. తలుపు దగ్గరగా వేసి, నన్ను ఆ గదిలో అలాగే వదిలేసి వెళ్లింది. మంచి పిల్ల.

నేను అక్కడ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆయన తినకుండా వెళ్లాడు కాబట్టి ఆకలేసింది. ఆకలేసింది కాబట్టి తిన్నాడు. తిన్నాడు కాబట్టి బతికాడు. ఆ పూట రొట్టె మాడకపోతే, అమ్మ బతిమాలి కడుపునిండా పెట్టి పంపి ఉంటే, ఆయన ఆ ఏట్లోనే ఉండేవాడు. ఇన్నేళ్లూ అమ్మ ఏడ్చిన ఏడుపంతా తలకిందులు. తలుచుకుంటే నవ్వొచ్చింది, ఆ నవ్వు చూసుకుంటే భయమేసింది.

సాయంత్రం అమ్మా నేనూ కలిసే ఇంటికి నడిచాం. చెప్పులు విప్పకముందే చెప్పేశాను. కాసేపు ఆగితే చెప్పలేనని తెలుసు. రికార్డు వినిపించాను. కుర్రాడి సంగతి చెప్పాను, వాడి వయసు చెప్పాను. బస్టాండులో తినడం ఆఖర్న చెప్పాను.

అమ్మ ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడి, రికార్డు ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. మూడు దగ్గులు, ఈల, టక్ టక్. గొంతు అయిపోయాక కూడా ఫోను వైపే చూస్తూ ఉంది. ఆమె ముఖం నాకు అర్థం కాలేదు. ఆమెని అంత తేరిపార ఎప్పుడూ చూడలేదేమో కూడా.

"తిన్నాడా?" అంది.

"తిన్నాడమ్మా."

"కడుపునిండా తిన్నాడటా?"

"బస్సు వెళ్లిపోయేదాకా తిన్నాడట."

అమ్మ తలూపింది. ఆ సాయంత్రం ఇంకేమీ అడగలేదు. ఆ కుర్రాడి గురించి అడగలేదు, వాళ్లమ్మ గురించి అడగలేదు. బట్టలు మడతపెట్టింది, కుళాయి కట్టేసింది, దీపం ఆర్పి పడుకుంది. నేను మాత్రం నిద్రపోలేదు. అమ్మకి ఏమన్నా అవుతుందేమోనని ఊపిరి వింటూ పడుకున్నాను.

తెల్లారి వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్లాను. అమ్మ డ్యూటీ బట్టలు వేసుకుని, పొయ్యి పక్కన నిలబడి రొట్టె తింటోంది. ఒకటి అయిపోయింది, రెండోది తుంచుతోంది. చెయ్యి వణకడం లేదు. నన్ను చూసి, నీకూ వెయ్యనా అని అడిగి, రెండోది కూడా తినేసి, నీళ్లు తాగి డ్యూటీకి వెళ్లిపోయింది.